సినిమా చూసొచ్చాక రాయాలనుకుంటే

అమ్మలూ,

నువ్వు రాసి పంపిన నాలుగు సినిమాల కబుర్లూ చదివాను. రాయడం మాత్రం ఆపకు. కాకపోతే అందులో స్క్రీన్‌ప్లే ఉంది, బీజీఎం ఉంది, సెకండాఫ్ ల్యాగ్ ఉంది, చూసిన అమ్మాయి జాడ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు నాకు.

'బలగం' గురించి "క్లైమాక్స్ ఏడిపించేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 2023లో ఆ సినిమాని ఊళ్ళలో తెరలు కట్టుకుని మరీ చూశారు, ఏడవనివాళ్ళెవరు చెప్పు? నీకు ఎక్కడ గొంతు పట్టేసిందో అది కావాలి. నాకైతే చివర్లో బుడగజంగాల పాట దాకా ఆగలేదు. ఎప్పుడో భోజనాల్లో నల్లి బొక్క (మటన్‌లో మూలుగ ఎముక) దగ్గర మొదలైన బావా బావమరుదుల పట్టింపు, ఇంటి పెద్ద పోయాక కూడా చల్లారదు చూడు, అక్కడే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే మీ నాన్నమ్మ వాళ్ళ అన్నయ్య, ఒక పెళ్ళిలో తనని మొదటి బంతికి పిలవలేదని అలిగి వెళ్ళి మళ్ళీ మన గడప తొక్కలేదు, నాన్నమ్మ పండగ పండగకీ వీధి గుమ్మంలోకి వచ్చి చూసేది. ఆ సినిమా గురించి రాస్తే నేను ఇది రాస్తాను. నీకు నీది ఇంకేదో ఉంటుంది, అది వేరెవరూ రాయలేరు.

అందుకే సినిమా చూసిన రాత్రే, ఎవరి రివ్యూ చదవకముందే, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి పెట్టుకో. రేటింగులూ కలెక్షన్లూ చూశాక మన అభిప్రాయం మనకే తెలియకుండా పక్కకి జరిగిపోతుంది. కథ మొత్తం చెప్పక్కర్లేదు. ఒక్క సీన్ పట్టుకో, అందులో ఎవరు ఏం చేశారో చెప్పు, అప్పుడు నీకేమైందో చెప్పు. కొత్త సినిమా అయితే మలుపులు బయటపెట్టకు, డబ్బులు పెట్టి వెళ్ళేవాళ్ళుంటారు.

'కోర్ట్'లో మంగపతిని చూస్తే అసహ్యం వేసిందన్నావు, ఆ వెంటనే శివాజీ ఓవర్ చేశాడన్నావు. ఆ రెండూ ఒకటి కాదు తల్లీ. పాత్ర మీద కోపం వచ్చిందంటే నటుడి పని జరిగినట్టే. ఆ మనిషి గదిలోకి వస్తేనే ఇంట్లో ఆడవాళ్ళు మాట ఆపేస్తారే, ఆ భయం నీకు ఎక్కడైనా తెలిసిందా? తెలిస్తే అది రాయి.

అలాగే నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా చెప్పు, బాలేదని తీర్పు ఇచ్చే ముందు మాత్రం కాస్త ఆగు. 'సత్యం సుందరం' నీకు స్లోగా అనిపించింది, సరే. అరవింద్ స్వామికి తనని అంత ప్రేమగా చూసుకుంటున్న మనిషి పేరే గుర్తురాదు, అడగడానికి మొహం చెల్లదు. నీ వయసులో ఆ సిగ్గు ఇంకా ఎదురై ఉండదు. నా వయసుకి ఊరెళ్ళినప్పుడల్లా ఎదురవుతుంది, పెళ్ళిళ్ళలో అయితే మరీను. కాబట్టి "నాకు అందలేదు" అని రాయి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

'35' సినిమా గురించి నువ్వు రాసినదాంట్లో మాత్రం ఒక్క వాక్యం నిజంగా నీది. సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని ఆ పిల్లాడు అడిగితే, నీకు ఏడో తరగతి లెక్కల క్లాసులో చెయ్యి పైకెత్తబోయి దించేసుకున్న రోజు గుర్తొచ్చిందని రాశావు. దాన్ని చివర్లో ఎక్కడో పెట్టేశావు. అక్కణ్ణించి మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు, నివేదా థామస్ నటన, తిరుపతి వీధులు, అన్నీ వాటంతటవే వెనకాల వస్తాయి. స్టార్లు మాత్రం వెయ్యకు.

మీ పెదనాన్న