కంప్రెసర్ ట్రిప్ అవుతోందన్నావుగా, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి మీ గ్రానైట్ షెడ్డులో గాలిని నొక్కి పంపే కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతోందని, అది ఆగే వేడి హద్దు, అదే ట్రిప్ సెట్టింగ్, పెంచమని పైవాళ్ళు అంటున్నారని చెప్పావు. ఆ పని మాత్రం చెయ్యకు. మీదిలాంటి స్క్రూ కంప్రెసర్ 110 డిగ్రీల దగ్గర ఆగిందంటే తనను తాను కాపాడుకున్నట్టే. నేను పనిలో చేరిన కొత్తలో ఒకచోట వేడిని చూసి మెషిన్‌ని ఆపే సెన్సర్ పనిచెయ్యకుండా దాని వైర్లు కలిపేసి నడిపించాం. రోహిణి కార్తె వెళ్ళకముందే ఎయిర్‌ఎండ్, అంటే గాలిని నొక్కే స్క్రూలుండే భాగం, తిరగకుండా పట్టేసింది. ఆ షిఫ్టులో ఉన్నది నేనే. ఇప్పటికీ బాధే.

ముందు వేడిగాలి ఎటు పోతోందో చూడు. మీది 50 హెచ్‌పీ, అంటే 37 కిలోవాట్లు. అది తినే కరెంటులో నూటికి తొంభై పైనే వేడిగా బయటికొస్తుంది. కిలోవాట్ ఇస్త్రీపెట్టెలు ముప్పై దాకా ఒకే గదిలో వెలిగించినట్టు లెక్క. ఆ గాలి రేకుల షెడ్డులోనే తిరిగి మళ్ళీ మెషిన్‌లోకే వెళ్తుంటే ఎంత సర్వీసు చేసినా లాభం లేదు. ఖమ్మం ఎండలో బయటే 45 ఉంటుంది, చాలా మెషిన్లు తట్టుకునేదీ అంతవరకే. పైన డక్ట్ కట్టించి వేడిని గోడ బయటికి పంపు. లోపలికి వచ్చే గాలి నీడవైపు నుంచి రానివ్వు.

తర్వాత ఆయిల్‌నీ గాలినీ చల్లబరిచే కూలర్. గ్రానైట్ దుమ్ముకి ఆయిల్ తోడైతే దాని ఫిన్స్, అంటే పల్చటి రేకుల, మధ్య ముద్దలా పట్టేస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి, లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో దూరం నుంచి ఊదు. దగ్గర పెట్టి గట్టిగా కొడితే ఫిన్స్ వంగిపోతాయి. వేసవిలో వారానికోసారైనా ఇది తప్పదు. నడుస్తున్న మెషిన్ మీద నీళ్ళు చల్లేవాళ్ళను చూశాను, నువ్వు చల్లనివ్వకు.

ఆయిల్ గంటలు చూసి మార్చేది మామూలు రోజుల్లో. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది, కాబట్టి ముందే మార్చు. లెవెల్ తగ్గిందని దొరికిన ఆయిల్ కలపొద్దు, జిగురు కడుతుంది.

వేసవిలో వానలు పడకపోయినా లైన్లో నీళ్ళు వస్తాయి. వేడిగాలిలో తేమ ఎక్కువ పడుతుంది, గాలిని ఆరబెట్టే డ్రైయర్ అంత తేమ లాగలేదు. నీళ్ళను తనంతట తానే వదిలే ఆటో డ్రెయిన్‌ని నమ్మకుండా షిఫ్టుకోసారి గాలి ట్యాంకు కింది కాక్ (కుళాయి) నీ చేత్తో తిప్పి చూడు.

ఈ ఆదివారం సెలవేగా, కూలర్ కవర్ విప్పి ఫోటో పంపు. చూసి చెప్తాను.

మామయ్య