మాడిసన్ పార్టీ స్కూల్ అట కదా, మావాణ్ని పంపమంటారా?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. రైస్ మిల్లు ఉంది. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పూర్తి చేశాడు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీ. రెండోది ఒహాయోలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ, వాళ్లు కొంత స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. షికాగోలో ఉండే మా బావమరిది "మాడిసన్ పేరుమోసిన పార్టీ స్కూల్ బావా, పిల్లాడు చెడిపోతాడు" అంటున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆవిడకి ఒకటే టెన్షన్. అబ్బాయేమో వెళ్తే మాడిసనే అని కూర్చున్నాడు. మా ఇంట్లో మందు ముట్టినవాళ్లు లేరు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జయపురం

జవాబు:

నమస్కారమండీ. మీ బావమరిది గాలి కబురు చెప్పలేదు. ప్రిన్స్‌టన్ రివ్యూ అనే సంస్థ 2016లో వేసిన పార్టీ స్కూళ్ల జాబితాలో, అంటే తాగుడూ విందులూ ఎక్కువన్న పేరున్న కాలేజీల జాబితాలో, మాడిసన్‌దే మొదటి స్థానం. అయితే అంతకు ముందు ఏడాది, 2015లో, ఆ స్థానం ఎవరిదో కూడా ఆయన్నొకసారి అడగండి. ఆయన ఉండే రాష్ట్రానిదే. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీ. ప్రపంచానికి ఇంటర్నెట్ అలవాటు చేసిన మొజాయిక్ బ్రౌజర్ 1993లో తయారైంది అక్కడే. ఫిజిక్స్‌లో రెండుసార్లు నోబెల్ అందుకున్న జాన్ బార్డీన్ పాఠాలు చెప్పిందీ అక్కడే. మాడిసన్ సంగతికొస్తే, మన హరగోవింద్ ఖొరానా గారు 1960 నుంచి 1970 దాకా పనిచేసింది ఆ ఊళ్లోనే. 1968 నోబెల్ వచ్చేనాటికి ఆయన అక్కడి ప్రొఫెసర్. చేరినవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఆరేళ్లలోపు డిగ్రీ పట్టుకుని బయటపడే యూనివర్సిటీ అది. పిల్లలంతా తాగి పడిపోయే చోట ఇంతమంది పాసవ్వరు కదా.

ముందు ఆ జాబితా ఎలా పుట్టేదో తెలుసుకోండి. ప్రిన్స్‌టన్ రివ్యూకి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీతో ఏ సంబంధమూ లేదు. అది పరీక్షల కోచింగ్ ఇచ్చి, గైడు పుస్తకాలు అమ్మే కంపెనీ. వాళ్లు విద్యార్థులకు ప్రశ్నలు పంపించేవాళ్లు. మీ క్యాంపస్‌లో మందు, మత్తు పదార్థాల వాడకం ఎంత, క్లాసు బయట రోజుకు ఎన్ని గంటలు చదువుతారు, ఫ్రటర్నిటీల (గ్రీకు అక్షరాల పేర్లతో సొంత ఇళ్లు పెట్టుకుని ఉండే విద్యార్థి సంఘాలు) హడావుడి ఎంత అని అడిగి, ఆ జవాబులన్నీ కలిపి ర్యాంకు వేసేవాళ్లు. ఎవరెంత తాగారో ఎవరూ లెక్క పెట్టలేదు. పిల్లల అభిప్రాయం అది, అంతే. 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ జాబితాను ఆపెయ్యమని బహిరంగంగానే కోరింది, తాగడాన్ని మామూలు విషయంలా చూపిస్తోందని. ఇదే సంస్థ మందు వాసన తగలని కాలేజీల జాబితా కూడా వేసేది. అందులో ఏళ్ల తరబడి మొదటి స్థానం, మద్యం ముట్టొద్దనే మోర్మన్ అనే క్రైస్తవ శాఖ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీది. ఆ జాబితా చూసి పిల్లల్ని అక్కడ చేర్పించిన తెలుగువాళ్లు మాత్రం నాకు తగల్లేదు.

ఇక ఒహాయో కాలేజీలో ఈ గొడవ ఉండదనుకుంటున్నారేమో. 1993లో హార్వర్డ్ పరిశోధకులు 140 కాలేజీల్లో సర్వే చేస్తే 44 శాతం విద్యార్థులు అంతకు ముందు రెండు వారాల్లో ఒక్కసారైనా ఒకే దఫాలో అతిగా తాగినట్టు తేలింది. అది దేశం మొత్తానికి వచ్చిన సగటు. చిన్న ఊరి కాలేజీ కాబట్టి తక్కువ ఉంటుందనుకోవడానికి లేదు. సినిమా హాలు, బజారు, స్నేహితుడి ఇల్లు ఏవీ నడిచే దూరంలో లేని చోట శనివారం రాత్రి పిల్లలకు మిగిలేది ఒకరి గదిలో ఒకరు పోగవడమే. మీ బావమరిది ఆ కాలేజీ పేరు ఏ జాబితాలోనూ వినలేదు, అందుకని దాని జోలికి పోలేదు.

పేరు సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు చెప్పండి? మాది కోరాపుట్, మాది మల్కాన్‌గిరి అనగానే "గంజాయి అక్కడి నుంచే కదా వస్తుంది" అనేవాళ్లు వైజాగ్‌లో, హైదరాబాద్‌లో ఎక్కడైనా తగులుతారు. ఆ మాటలో నిజం లేదని కాదు. కానీ మీ వాడికీ దానికీ సంబంధం ఏమిటి? ఇప్పసారా, జీలుగు కల్లు దొరికే ఊళ్లోనే పుట్టి పెరిగి, పద్దెనిమిదేళ్లు వాటి వైపు చూడలేదు వాడు.

అయినా మీ ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయను. భయపడాల్సిందే, కాకపోతే యూనివర్సిటీ పేరు చూసి కాదు. అమెరికాలో మద్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఒక విషయం స్పష్టంగా చెబుతుంది: కాలేజీలో చేరిన మొదటి ఆరు వారాలు చాలా కీలకం. కొత్త చోటు, స్నేహితులు ఇంకా కుదరలేదు, అడిగేవాళ్లు లేరు, ఎవరు పిలిచినా వెళ్లిపోతారు. మాడిసన్‌లో అంటే సెప్టెంబర్ మొదటి నుంచి అక్టోబర్ మధ్య దాకా. సరిగ్గా అప్పుడే ఫుట్‌బాల్ సీజన్. క్యాంప్ రాండల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న శనివారం పొద్దున్నే వీధుల్లో తాగడం మొదలవుతుంది. ఫ్రటర్నిటీలు కొత్త సభ్యుల్ని చేర్చుకునేదీ ఆ నెలల్లోనే. ఆ ఆరు వారాల్లో వాడు ఎవరితో కలిసి భోంచేస్తున్నాడన్నది ఆ ర్యాంకు కంటే వంద రెట్లు ముఖ్యం. షికాగో నుంచి మాడిసన్ కారులో మూడు గంటల లోపే. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండుగకి ఇంటికి పిలుస్తాననే మేనమామను, సెప్టెంబర్‌లో ఒక శనివారం తనే వెళ్లి మేనల్లుడితో మధ్యాహ్నం భోంచేసి రమ్మనండి.

తాగని పిల్లలకు వచ్చే కష్టం వేరే ఉంది. దాన్ని తల్లిదండ్రులెవరూ అడగరు. రూమ్‌మేట్ అర్ధరాత్రి రెండింటికి తాగొచ్చి లైట్లు వేస్తాడు, వాంతి చేసుకుంటాడు, మర్నాడు మీ వాడికి పరీక్ష. హార్వర్డ్ సర్వే ఈ బాధను కూడా నమోదు చేసింది: తాగనివాళ్ల చదువు, నిద్ర పాడవడం, తాగినవాళ్లకు సేవలు చేయాల్సి రావడం. మీ ఇంట్లో మందు ముట్టరు కాబట్టి మీ వాడికి వచ్చే ఇబ్బంది బహుశా ఇలాంటిదే.

లెక్కలు చూడాలనుకుంటే ఒక మార్గం ఉంది. క్లెరీ చట్టం అని 1990లో వచ్చింది. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో హత్యకు గురైన జీన్ క్లెరీ అనే అమ్మాయి పేరు మీద పెట్టారు. దాని ప్రకారం కాలేజీలు ఏటా అక్టోబర్ 1 లోగా భద్రతా నివేదిక బయట పెట్టాలి. మూడేళ్ల నేరాల లెక్కలు అందులో ఉంటాయి, మద్యం, డ్రగ్స్ కేసులతో సహా. రెండు కాలేజీలవీ తీసి పక్కపక్కన పెట్టండి. చదివేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. మద్యం కేసుల్లో "అరెస్టులు" వేరు, "క్రమశిక్షణ కింద పంపినవి" వేరు. ఆ రెండో అంకె పెద్దగా ఉంటే అక్కడ ఎక్కువ తాగుతున్నారని అర్థం కావచ్చు, వార్డెన్లు గట్టిగా పట్టుకుంటున్నారనీ కావచ్చు. సున్నా కనిపిస్తే మాత్రం నాకు అనుమానమే. వేల మంది కుర్రాళ్లున్న చోట ఒక్కడూ దొరకలేదంటే ఎవరూ వెతకలేదనే అనుకుంటాను. విద్యార్థుల సంఖ్యతో భాగించి చూడటం మర్చిపోకండి. మాడిసన్ చాలా పెద్దది, అంకెలు చూడగానే గుండె జారుతుంది.

ఇప్పుడు మీరు వినాల్సిన అసలు విషయం. బావమరిది చెప్పాల్సింది కూడా ఇదే.

అక్కడ 21 ఏళ్లు నిండకుండా మద్యం కొనడం, తాగడం మామూలుగా చట్టవిరుద్ధమే. విస్కాన్సిన్‌లో విచిత్రం ఏమిటంటే తల్లిదండ్రులు పక్కనుంటే చిన్నవాళ్లు కూడా తాగొచ్చు. యూనివర్సిటీ మెమోరియల్ యూనియన్‌లో 1933 నుంచీ బీరు అమ్ముతున్నారు. తాగి కారు నడిపి మొదటిసారి పట్టుబడితే ఆ రాష్ట్రంలో అది క్రిమినల్ కేసు కూడా కాదు, జరిమానా కట్టించుకుని కొన్నాళ్లు లైసెన్సు ఆపుతారు. ఇదంతా చూసి క్లాసులో ఉన్న అమెరికా పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. మీ వాడికి ఆ తేలిక లేదు. 2015 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం తాగి బండి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయొచ్చు. తోటి కుర్రాడికి జరిమానాతో పోయేది మీ వాడికి చదువు మీదికి వస్తుంది.

గంజాయి సంగతి ఇంకా మెలిక. విస్కాన్సిన్‌లో అది చట్టబద్ధం కాదు. పక్కనున్న మిషిగన్‌లో, ఇల్లినాయ్‌లో, మిన్నెసోటాలో మాత్రం 21 దాటినవాళ్లకు బోర్డు పెట్టి అమ్ముతారు. షికాగోలో దుకాణాలు మీ బావమరిది చూసే ఉంటారు. కానీ వీసా చూసేది కేంద్ర ప్రభుత్వం, కేంద్ర చట్టంలో గంజాయి నేరమే. షాపులో రసీదు ఇచ్చారు కదా అని విదేశీ విద్యార్థి కొంటే వలస చట్టం దగ్గర ఆ రసీదు పనికిరాదు. వయసు పెంచి చూపే దొంగ ఐడీ కార్డుల విషయంలోనూ ఇంతే. అక్కడి పిల్లలకు అదో ఆట, మనవాళ్లకు మోసం కేసు.

ఇంకొకటి, పైకి మందుతో సంబంధం లేనట్టు కనిపిస్తుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్న డిగ్రీ విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు ఇన్నని వేసే లెక్క) చదవాలి. రాత్రులు మేలుకుని, పొద్దున క్లాసులు మానేసి, ఫెయిలవుతానని భయపడి యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకు చెప్పకుండా ఒక కోర్సు వదిలేస్తే, 12 కంటే తగ్గి వీసా హోదా పోతుంది. వదలాలనుకుంటే ముందు ఆ ఆఫీసుకు వెళ్లాలి, తర్వాతే ఏదైనా. ఇది వాడికి నేర్పండి. ఎవరైనా తాగి స్పృహ తప్పితే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడానికి వెనకాడొద్దని కూడా చెప్పండి. సాయం కోసం ఫోన్ చేసిన మైనర్లకు తాగిన కేసు నుంచి రక్షణ ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

మార్కులు ఎలా ఉన్నాయో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుందామని మాత్రం అనుకోకండి. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ వివరాల మీద హక్కు విద్యార్థిది. వాడు రాసి ఇస్తే తప్ప మీకు చెప్పరు. మద్యం కేసులో దొరికిన 21 లోపు వాళ్ల తల్లిదండ్రులకు చెప్పడానికి చట్టం 1998లో అనుమతి ఇచ్చింది, చెప్పి తీరాలని మాత్రం అనలేదు. నా సలహా, మార్కుల వరకు అనుమతి పత్రం రాయించుకోండి, అక్కడితో ఆగండి. "తాగావా?" అని వారం వారం అడిగితే రెండో వారానికే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అమ్మ అడగాల్సింది "నిన్న రాత్రి ఎవరితో భోంచేశావు?" అని. మొదటి నెల రోజులూ ఒకే నాలుగు పేర్లు వినిపిస్తుంటే ఊపిరి పీల్చుకోవచ్చు.

మరి ఏది ఎంచుకోవాలి? పార్టీ పేరు పక్కన పెడితే మాడిసన్ మంచి ఎంపిక. అయితే మీరు డబ్బు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనైతే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మాడిసన్ ప్రభుత్వ యూనివర్సిటీ, విదేశీ డిగ్రీ విద్యార్థులకు ఫీజు రాయితీ దొరకడం కష్టం. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి లేదు. ఆ జీతం కిరాణా ఖర్చుకు సరిపోతే గొప్ప. నాలుగేళ్ల మొత్తం ఖర్చు, డాలరు ఏటా కొంచెం పెరుగుతుందని వేసుకుని, రెండు కాలేజీలకూ రాసి చూడండి. ఒహాయో స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా అన్నది కాగితం మీద తీసుకోండి. ఆ తేడాకు మిల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే ఒహాయోకే పంపండి, నేను కాదనను. పార్టీ స్కూల్ అనే మాటకు భయపడి మాత్రం పంపకండి. మాడిసన్ ఆఫర్ లెటర్‌లో కంప్యూటర్ సైన్స్‌లోకి నేరుగా తీసుకున్నారా, చేరాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలా అన్నది కూడా చూడండి. సీటు వచ్చిందన్న సంతోషంలో చాలామంది ఆ పేరా చదవరు.

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టడానికి అమెరికా కాలేజీల్లో సాధారణంగా మే 1 గడువు. హాస్టల్ ఫారం కూడా ఆ రోజుల్లోనే నింపాలి, ఆలస్యమైతే మిగిలిన గదే ఇస్తారు. ఒకే సబ్జెక్టు పిల్లల్ని ఒక అంతస్తులో ఉంచే లెర్నింగ్ కమ్యూనిటీలు మాడిసన్ హాస్టళ్లలో ఉన్నాయి, వాటిని ముందు అడగండి. ఇలాంటి ఫారాల్లో రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, గదిలోకి జనం వస్తే ఇష్టమేనా అని అడగడం మామూలే. కుర్రాళ్లు గొప్పకు పోయి "ఏదైనా ఓకే" అని పెట్టేస్తారు. మీ వాడు పదకొండుకల్లా నిద్రపోయే రకమైతే ఫారంలో అదే రాయమనండి.