వంపు తెర మానిటర్: చదువుకా, ఆటలకా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గేమ్ డెవలపర్ కావాలన్నది అతని కోరిక. ప్రస్తుతం 15 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్‌ మీదే అన్ని పనులూ చేసుకుంటున్నాడు. ఈ రంగంలోకి వెళ్లాలంటే అల్ట్రావైడ్ కర్వ్‌డ్ మానిటర్ తప్పనిసరి అని, అది కొనిపెట్టమని అడుగుతున్నాడు. ఇది చదువు కోసమో, ఆడుకోవడం కోసమో మాకు తెలియడం లేదు. కొనవచ్చా? కొంటే ఏది కొనాలి?
- ఒక తండ్రి

జవాబు: ‘తప్పనిసరి’ అన్నమాట నిజం కాదు. ఉద్యోగమిచ్చేవారు మీ అబ్బాయి ఏ తెర ముందు కూర్చుని పనిచేశాడని అడగరు, తయారుచేసిన ఆటను చూపించమంటారు. అంతమాత్రాన అతను సాకు చెబుతున్నాడని అనుకోకండి. యూనిటీ, అన్‌రియల్ వంటి గేమ్ ఇంజిన్లలో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, పనిచేసేవారికి ఆట దృశ్యం కనిపించే విండో, అందులోని వస్తువుల జాబితా, వాటి లక్షణాలను మార్చే ప్యానెల్, తప్పులను చూపే కన్సోల్ ఒకేసారి కళ్లెదుట ఉండాలి, వీటికి తోడు కోడ్ రాసుకునే ఎడిటర్ ఒకటి ఉండనే ఉంటుంది. 15 అంగుళాల తెర మీద ఒకటి మూస్తే తప్ప మరొకటి తెరుచుకోదు. కాబట్టి పెద్ద తెర అవసరం నిజమైనదే. అది అల్ట్రావైడే కావాలా, అందులోనూ వంపు ఉన్నదే కావాలా అన్నది మాత్రం విడిగా ఆలోచించవలసిన విషయం.

మామూలు మానిటర్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 కాగా, అల్ట్రావైడ్‌ది సుమారు 21:9. 34 అంగుళాల అల్ట్రావైడ్ అంటే 27 అంగుళాల మామూలు మానిటర్‌ను ఎత్తు పెంచకుండా రెండు పక్కలా సాగదీసినట్టు ఊహించుకోండి. రెండింటి ఎత్తూ 33 సెంటీమీటర్ల పైచిలుకే, వెడల్పు మాత్రం 60 నుంచి 80 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నేనూ పడ్డాను. మొదటిసారి 34 అంగుళాలన్న అంకె ఒక్కటే చూసి, రిజల్యూషన్, అంటే తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెళ్లు (చుక్కలు) ఉన్నాయన్నది, పట్టించుకోకుండా 2560×1080 మానిటర్ కొన్నాను. సినిమాలు బాగానే కనిపించేవి గానీ, వర్డ్ ఫైలు తెరిస్తే అక్షరాల అంచులు నూలుపోగులు లేచినట్టుండేవి, చిన్న అక్షరాలలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలిసేది కాదు. అంగుళానికి 82 పిక్సెళ్లే ఉంటే అంతకంటే ఏం కనిపిస్తుంది? అదే పరిమాణంలో 3440×1440 తీసుకుంటే అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లు వస్తాయి, రోజంతా కోడ్ చదివే కళ్లకు ఆ తేడా చాలా పెద్దది. 2560×1080తోనే సరిపెట్టుకోవలసి వస్తే 29 అంగుళాలు దాటకండి.

పిక్సెళ్లు పెరిగినప్పుడు ఆ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ల్యాప్‌టాప్ తెర 1920×1080 అయితే అందులో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 3440×1440లో అవి 49.5 లక్షలు, అంటే దాదాపు 2.4 రెట్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద సెకనుకు 80 ఫ్రేములతో నడుస్తున్న భారీ ఆట కొత్త మానిటర్‌పై అందులో సగానికి పడిపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను తెరకు సరిపడా పెంచే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు కొంత ఆదుకుంటాయి గానీ, ఆటలను ఎక్కువ నాణ్యతతో ఆడాలన్నదే అసలు కోరిక అయితే మానిటర్ తరువాత ఇంకా శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ బేరం కూడా మీ ముందుకు వస్తుంది. ఆ సంగతి ఇప్పుడే అతనితో మాట్లాడుకోవడం మంచిది. కోడ్, పత్రాలు, ఎక్సెల్ వంటి పనులకు ఈ ఇబ్బంది ఏమీ లేదు.

డబ్బు చెల్లించే ముందు ల్యాప్‌టాప్‌కు ఏ పోర్టులున్నాయో చూడమనండి. తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే రిఫ్రెష్ రేటును హెర్ట్జ్‌లలో కొలుస్తారు. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టుతో 3440×1440 తెర సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, 144 హెర్ట్జ్ కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ హెచ్‌డీఎంఐ 2.1 గానీ ల్యాప్‌టాప్‌కూ మానిటర్‌కూ రెండింటికీ ఉండాలి. యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ వస్తుందని నమ్మకం లేదు. కొన్ని పోర్టులు చార్జింగుకూ డేటాకూ మాత్రమే పనికొస్తాయి, కాబట్టి ఆ ల్యాప్‌టాప్ మోడల్ వివరాలలో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అన్న మాట ఉందో లేదో వెతకాలి.

ఇక వంపు. పెట్టె మీద 1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అని రాసి ఉండే అంకె ఆ వంపు ఏ వృత్తంలో భాగమో దాని వ్యాసార్థాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. 1800ఆర్ అంటే 1.8 మీటర్ల వ్యాసార్థం. అంకె తగ్గేకొద్దీ వంపు పెరుగుతుంది. 80 సెంటీమీటర్ల వెడల్పు తెర ముందు చేతి పొడవు దూరంలో కూర్చుంటే దాని అంచులు మధ్య భాగం కన్నా కంటికి దూరమవుతాయి, పైగా వాటిని ఏటవాలుగా చూడవలసి వస్తుంది. వంపు ఆ తేడాను తగ్గిస్తుంది. అంతకు మించి అందులో మాయ ఏమీ లేదు. సరళరేఖలతో పని ఉన్నవారికి, అంటే ఇంజనీరింగ్ డ్రాయింగులు, పేజీ లేఅవుట్లు చేసేవారికి, గాఢమైన వంపు మీద గీత నిజంగా వంగిందో తెర వంచిందో తెలియక చికాకు కలుగుతుంది. మీ అబ్బాయి లాగా ఆటలూ కోడూ రెండూ ఉన్నవారికి 34 అంగుళాలలో 1500ఆర్ లేదా 1800ఆర్ సరిపోతుంది. 1000ఆర్ జోలికి వెళ్లవద్దంటాను.

తెర తయారీకి వాడే ప్యానెల్ రకాల్లో వీఏ తెరలు నలుపును గాఢంగా చూపిస్తాయి, కానీ చీకటి దృశ్యాలలో వేగంగా కదిలే వస్తువుల వెనుక మసి పూసినట్టు జాడ కనిపించవచ్చు. ఐపీఎస్ తెరల్లో నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది గానీ రంగులు, పక్క నుంచి చూసే కోణాలు నిలకడగా ఉంటాయి. ఓఎల్‌ఈడీ ఆటలకు ఈ రెండింటికన్నా అందమైనది. అయితే టాస్క్‌బార్, కోడ్ ఎడిటర్ వంటి కదలని బొమ్మలు రోజూ గంటల తరబడి ఒకేచోట నిలిచి ఉంటే కాలక్రమంలో వాటి ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది, కొన్ని ఓఎల్‌ఈడీ తెరలలో ఉపపిక్సెళ్ల (ఒక్కో పిక్సెల్‌లోని రంగు చుక్కల) అమరిక వల్ల అక్షరాల చుట్టూ సన్నని రంగు అంచు కూడా కనిపిస్తుంది. రోజులో ఎక్కువ సమయం కోడ్ కనిపించే తెరకు నేనైతే ఐపీఎస్‌నే ఎంచుకుంటాను.

గేమ్ డెవలపర్ కాదలచినవాడు గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటుంది. కంప్యూటర్ మీద ఆటలు ఆడేవారిలో ఎక్కువమంది ఇప్పటికీ 16:9 తెరల మీదే ఆడతారు. అల్ట్రావైడ్ మీద మాత్రమే చూసుకుంటూ తయారుచేసిన ఆటలో మూలకు పెట్టిన బటన్ మామూలు తెర మీద కనిపించకుండా పోవచ్చు. యూనిటీలో గేమ్ విండో నిష్పత్తిని మార్చి చూసుకునే సౌకర్యం ఉంది, దాన్ని ప్రతిరోజూ వాడటం అలవాటు చేసుకోవాలి. దీనికి తిరగేసిన సమస్యా ఉంది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ వంటి పెద్ద ఆట కూడా అల్ట్రావైడ్ మీద ఇరుపక్కలా నల్లని పట్టీలతోనే విడుదలైంది. పోటీ ఆటల వృత్తి క్రీడాకారులు సైతం ఎక్కువగా 24 అంగుళాల చుట్టుపక్కల, చదునైన, అధిక రిఫ్రెష్ రేటు ఉన్న తెరలే వాడతారు. మీ అబ్బాయి అసలు ఇష్టం అలాంటి ఆటలే అయితే అల్ట్రావైడ్ అతనికి సరైనది కాదు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలలో మొత్తం స్క్రీన్ షేర్ చేస్తే ఈ వెడల్పు తెర అవతలివారి ల్యాప్‌టాప్‌లో పొట్టి పట్టీలా కుదించుకుపోయి, కోడ్ అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. మొత్తం తెరను కాక ఒక్క విండోనే పంచుకోవాలని అతనికి ముందే చెప్పండి.

వీటన్నిటి తరువాత నా సలహా ఇది. ల్యాప్‌టాప్‌లో తగిన పోర్టు ఉండి, బల్ల మీద 80 సెంటీమీటర్ల వెడల్పూ, కంటికీ తెరకూ మధ్య కనీసం 60, 70 సెంటీమీటర్ల దూరమూ దొరికితే 34 అంగుళాల, 3440×1440, ఐపీఎస్, 100 హెర్ట్జ్ లేదా అంతకు మించిన మానిటర్ కొనండి. ఈ షరతుల్లో ఒక్కటి కుదరకపోయినా 27 అంగుళాల, 2560×1440, చదును తెర చాలు. దానివల్ల అతని చదువుకు లోటేమీ రాదు, ల్యాప్‌టాప్ తెర రెండో తెరగా ఎలాగూ పక్కనే ఉంటుంది. 49 అంగుళాల మానిటర్ అంటే ఇలాంటి రెండు 27 అంగుళాల తెరలను ఒక్కటిగా అతికించినట్టే కాబట్టి విద్యార్థి బల్లకు దాని ఊసే వద్దు.

ఏది కొన్నా, మానిటర్ వచ్చిన రోజే తెరంతా ఒకే రంగు నింపి, నలుపు మీదా తెలుపు మీదా చచ్చిన పిక్సెళ్లున్నాయేమో చూడమనండి, వాపసు గడువు దాటాక వాటి గురించి వాదించడం కష్టం. ఆ తరువాత విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు ఎంత ఉందో తప్పక చూడమనండి. చాలాసార్లు అది 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది, 144 కోసం ఎక్కువ డబ్బు పెట్టినవారు నెలల తరబడి 60తోనే వాడుకుంటూ ఉంటారు.