మేధో వైకల్యం ఉన్న స్విమ్మర్లు 2004, 2008 పారాలింపిక్స్‌లో ఎందుకు లేరు?

వాళ్ళ కేటగిరీ మొత్తాన్నే తీసేశారు కాబట్టి. 2000 సిడ్నీలో గోల్డ్ కొట్టిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో 12 మందిలో 10 మందికి అసలు ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది, ఎవరో చేసిన మోసానికి నిజమైన అథ్లెట్లు బలైపోయారన్నమాట. కొత్త టెస్టులు రెడీ అయ్యాక 2012 లండన్‌లో స్విమ్మింగ్, అథ్లెటిక్స్, టేబుల్ టెన్నిస్‌లో మాత్రం మళ్ళీ రానిచ్చారు.

ఉదాహరణకి మిచెల్ అలోన్సో, ఈమెదీ స్పెయినే, టెనెరిఫే దీవి అమ్మాయి. 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో లండన్, రియో, టోక్యో మూడింట్లోనూ గోల్డే! క్లాస్ ఎస్‌బీ14, 'బీ' అంటే బ్రెస్ట్‌స్ట్రోక్, 14 అంటే మేధో వైకల్యం.

చూడ్డానికి బానే ఉన్నారు కదా, ఇంకేం ఇబ్బంది అంటారు చాలామంది. కానీ ఈ క్లాస్‌లోకి రావాలంటే ఐక్యూ 75 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, రోజువారీ పనుల్లోనూ ఇబ్బంది ఉండాలి, పైగా రేసులో ఎక్కడ స్పీడ్ పెంచాలి ఎక్కడ ఓపిక దాచుకోవాలి అనే లెక్క వీళ్ళకి కష్టం. ఇంకోటి, పారాలింపిక్స్‌ని స్పెషల్ ఒలింపిక్స్‌తో కలిపేస్తుంటారు, అది వేరే సంస్థ, అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ళు ఏ స్థాయి వాళ్ళైనా ఆడొచ్చు, పారాలింపిక్స్‌కి మాత్రం క్వాలిఫై అవ్వాల్సిందే.