మళ్ళీ లాంగ్ టర్మా, అగ్రికల్చర్ బీఎస్సీనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఓ పల్లె. నాలుగెకరాల్లో మిరప, పత్తి వేస్తాం. మా పెద్దమ్మాయి పదో తరగతి దాకా ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివింది. 2024లో బైపీసీ ఇంటర్ పాసైంది. ఆ ఏడాది నీట్‌లో 455 మార్కులు వచ్చాయి. మళ్ళీ నీట్ రాయడానికి ఏడాదంతా చదివించే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తే 2025లో 431కి తగ్గాయి. కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ రాదని తేలిపోయింది. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పంపుతానంటే వద్దంటోంది. ఈఏపీసెట్ ర్యాంకుకు బీఎస్సీ అగ్రికల్చర్ వస్తుంది, అందులో చేరతానంటుంది. రెండెకరాలు అమ్మి విదేశాల్లో ఎంబీబీఎస్ చేయించమని మా బావమరిది సలహా. ఫార్మ్ డీ చేసినా పేరు ముందు డాక్టర్ అని ఉంటుందని ఇంకొకరు చెప్పారు. తర్వాతివాడు ఇప్పుడు పదో తరగతి. ఈ మట్టి పని మాతోనే పోవాలని అప్పులు చేసి చదివించాం. మళ్ళీ వ్యవసాయమేనా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు మార్కుల సంగతి చెప్పనివ్వండి. 455 నుంచి 431కి తగ్గాయని రాశారు. అమ్మాయి సరిగ్గా చదవలేదని మీకు అనుమానం వచ్చినట్టుంది. 2024 నీట్‌లో 720కి 720 తెచ్చుకున్నవాళ్ళు సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మంది ఉన్నారు. 2025లో ప్రశ్నపత్రం, అందులోనూ ఫిజిక్స్, ఎంత కష్టంగా వచ్చిందంటే దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి మార్కులే 686. కాబట్టి ఈ రెండేళ్ళ మార్కుల్ని పక్కపక్కన పెట్టి చూడకూడదు. రెండు స్కోరు కార్డులూ బయటికి తీసి ఆలిండియా ర్యాంకులు చూడండి. ఈసారి ర్యాంకు పోయినేడాది కంటే చాలా మెరుగ్గా కనిపిస్తుంది. మీ అమ్మాయి ఏడాదంతా కష్టపడింది, దానికి తగ్గట్టు ముందుకూ వచ్చింది. మిగతా విషయాలు మాట్లాడేముందు ఈ ఒక్క మాట ఆమెకు చెప్పండి. ఆ పిల్లకు ఇప్పుడు చాలా అవసరమైన మాట అది.

ఇంత మెరుగైతే ఇంకో ఏడాది చదివిస్తే సీటు వచ్చేస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. రావచ్చు, రాకపోవచ్చు. నేను మాత్రం వద్దనే అంటాను. కారణం ర్యాంకు కాదు. చదవాల్సిన మనిషి వద్దంటోంది. ఇష్టంగా మూడోసారి కూర్చునే పిల్లలు వేరు, నాన్న బాధపడతాడని కూర్చునే పిల్లలు వేరు. రెండో రకం వాళ్ళకు ఆ హాస్టల్ గదుల్లో ఏడాది గడపడం ఎంత భారమో దగ్గరగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. పైగా నీట్‌కు గరిష్ఠ వయసు నిబంధనను 2022లోనే తీసేశారు. నాలుగేళ్ళ తర్వాత ఆమెకే రాయాలనిపిస్తే రాసుకోవచ్చు. ఇప్పుడు కాదంటే ఇక ఎప్పటికీ లేదనేమీ కాదు.

ఇక పొలం అమ్మే విషయం. దీనికి నా జవాబు సూటిగా చెబుతాను, అమ్మకండి. విదేశీ ఎంబీబీఎస్ మోసమని అనడం లేదు. బాగా చదివి వచ్చి ఇక్కడ మంచి డాక్టర్లు అయినవాళ్ళున్నారు. కానీ 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ఆ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిషులో బోధించాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు పనికొచ్చే డిగ్రీ అయి ఉండాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి. రాసినవాళ్ళలో పాసయ్యేవాళ్ళ కంటే తప్పేవాళ్ళే చాలా ఎక్కువగా ఉండే పరీక్ష అది. పాసయ్యాక ఇక్కడ మళ్ళీ ఇంటర్న్‌షిప్. అంటే రెండెకరాలు పోయాక కూడా ఆరేడేళ్ళపాటు ఖర్చే తప్ప రాబడి ఉండదు. ఈలోపు తమ్ముడి ఇంటర్, ఆపై చదువు వచ్చిపడతాయి. కన్సల్టెన్సీ వాళ్ళు మొదటి ఏడాది ఫీజు గురించి చెప్పినంత వివరంగా ఈ స్క్రీనింగ్ పరీక్ష గురించి చెప్పరు. పోగా పోగా ఆ అమ్మాయి మెడ మీద ‘నా కోసం పొలం అమ్మారు’ అనే బరువు ఉంటుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టవద్దు.

ఎంబీబీఎస్ పక్కనపెడితే బైపీసీ పిల్లలకు ఉన్న దారుల్ని ఎలా చూడాలో చెబుతాను. ఏ కోర్సు గొప్పది, ఏది తక్కువది అని కాకుండా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ డిగ్రీ చేతికొచ్చిన రోజున, అది ఉన్నవాళ్ళకు మాత్రమే దొరికే పని ఏదైనా ఉందా?

కొన్నింటికి ఉంది. బీవీఎస్సీ చదివినవాళ్ళే పశువైద్యులవుతారు. నర్సింగ్ చదివి కౌన్సిల్లో రిజిస్టరైన వాళ్ళే స్టాఫ్ నర్సులవుతారు. ఎయిమ్స్ ఆస్పత్రుల్లో నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్‌సెట్ పరీక్ష రాయాలన్నా ఆ అర్హతే కావాలి. మండల వ్యవసాయాధికారి పోస్టుకు వ్యవసాయ డిగ్రీ కావాలి, ఇంకే బీఎస్సీ ఉన్నా కుదరదు. ఫిషరీస్ డిగ్రీదీ ఇదే పద్ధతి. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో దానికి కాలేజీ ఉంది, రొయ్యలు, చేపల సాగులో మన రాష్ట్రమే దేశంలో ముందుంది. ఇవన్నీ మొదటి రకం.

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్, బాటనీ, జువాలజీ రెండో రకం. చాలా మంచి చదువులు. కానీ డిగ్రీతో ఆగితే వాటికంటూ ప్రత్యేకంగా ఉన్న ఉద్యోగాలు తక్కువ. ఎమ్మెస్సీ, చాలాసార్లు పీహెచ్‌డీ దాకా వెళ్తేనే వాటి విలువ బయటపడుతుంది. పదేళ్ళ ఓపిక, ఆ పదేళ్ళూ నిలబడే ఆసక్తి ఉండాలి. అలాంటి పిల్లలకు నేనే సైన్స్ చదువులకు, పరిశోధనకు పెట్టిన తిరుపతి ఐసర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ప్రయత్నించమని గట్టిగా చెబుతాను. మీ ఇంట్లో అప్పు ఉంది, తమ్ముడు పదో తరగతిలో ఉన్నాడు. మీకు మొదటి రకమే నయం.

ఫార్మ్ డీ గురించి రెండు మాటలు. అది ఆరేళ్ళ చదువు, చివరి ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే చక్కటి కోర్సు. మన ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు ఇంకా తక్కువగానే ఉన్నాయి కాబట్టి చాలామంది మందుల కంపెనీల్లో, క్లినికల్ పరిశోధన సంస్థల్లో స్థిరపడుతున్నారు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికి మాత్రం చేర్పించకండి. ఆరేళ్ళంటే తక్కువ కాలం కాదు.

ఇప్పుడు మీ అసలు బాధ దగ్గరికి వద్దాం. మట్టి పని మాతోనే పోవాలని చదివించాం, మళ్ళీ వ్యవసాయమేనా అన్నారు. ఇరవై ఏళ్ళు ధర రాక, పురుగు పట్టి, అప్పులు తీర్చలేక నలిగినవాళ్ళు ఆ మాట అనడంలో తప్పులేదు. అయితే మీ అమ్మాయి అడుగుతున్నది మీరు పడిన కష్టం కాదు. ఆ కష్టానికి కారణాలు వెతికే పని.

2021లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చింది గుర్తుందా? గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతుల్ని నిలువునా ముంచింది. పూతలో చేరి, కాయ నిలవకుండా చేసింది. తెలిసిన మందులన్నీ కొట్టినా లొంగలేదు. అది పాత తామరపురుగు కాదని, బయటి నుంచి వచ్చిన వేరే జాతి అని గుర్తించి, ఏ మందులు మానాలో, నీలిరంగు జిగురు అట్టలు ఎలా పెట్టాలో రైతులకు చెప్పింది ఎవరు? కీటకశాస్త్రం చదివినవాళ్ళు. మీరు ఎప్పుడో ఒకప్పుడు వేసి ఉండే ఎల్‌సీఏ 334 మిరప మీకు దగ్గర్లోని లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. ఇంట్లో వండుకునే సాంబమసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో తయారైంది. గోదావరి జిల్లాలు మొదలుకుని ఒడిశా, బెంగాల్ దాకా పాకిన స్వర్ణ వరి మార్టేరులో పుట్టింది. వీటి వెనక ఉన్నవాళ్ళలో చాలామంది మీ అమ్మాయి ఇప్పుడు అడుగుతున్న చదువుతోనే మొదలుపెట్టారు.

నాలుగేళ్ళ కోర్సులో నేల, విత్తన శాస్త్రం, తెగుళ్ళు, పురుగులు, జన్యుశాస్త్రం, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, గణాంకాలు, కొత్త పద్ధతుల్ని రైతుల దగ్గరికి చేర్చడం నేర్పే విస్తరణ విద్య అన్నీ ఉంటాయి. నాలుగో ఏడాదిలో కొన్ని నెలలు పల్లెల్లో రైతుల దగ్గర ఉండి నేర్చుకోవాలి. పట్నం పిల్లలకు అది కొత్త. మీ అమ్మాయికి అక్కడ వినిపించే ప్రతి మాటా ముందే తెలుసు, అది ఆమెకు పెద్ద ఆస్తి. బైపీసీలో రెండేళ్ళు, లాంగ్ టర్మ్‌లో ఏడాది చదివిన బాటనీ, కెమిస్ట్రీ కూడా ఎక్కడికీ పోవు.

ఉద్యోగాల మాట. రాష్ట్ర ప్రభుత్వంలో వ్యవసాయాధికారి, ఊళ్ళో రైతు సేవా కేంద్రాల్లో సహాయకుల పోస్టులు ఉన్నాయి. బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది, వ్యవసాయం, దాని అనుబంధ డిగ్రీలు ఉన్నవాళ్ళే దానికి అర్హులు. అందుకే మామూలు బ్యాంకు పరీక్షల కంటే పోటీదారులు తక్కువ. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు వ్యవసాయ డిగ్రీ అర్హత. హైదరాబాద్ చుట్టూ ఉన్న విత్తన కంపెనీలు ఎప్పుడూ మనుషుల్ని తీసుకుంటూనే ఉంటాయి. వ్యాపారం వైపు మనసుంటే హైదరాబాద్‌లోనే మేనేజ్ సంస్థ అగ్రి బిజినెస్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది, దానికి మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయాలి. పరిశోధన కావాలంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఫెలోషిప్‌తో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, ఆపై శాస్త్రవేత్త ఉద్యోగం.

ఇందులో కష్టం ఏమిటో కూడా చెప్పాలి. వ్యవసాయాధికారి నోటిఫికేషన్ ఏటా రాదు. రెండు మూడేళ్ళు ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు. విత్తన, పురుగుమందుల కంపెనీల్లో మొదటి ఉద్యోగం అంటే తిరుగుడు ఎక్కువ, జీతం మొదట్లో అంతంతమాత్రం. అమ్మాయి అలా తిరగగలదా అని మీ ఇంట్లో ఎవరైనా అడగొచ్చు. మండలాల్లో మహిళా వ్యవసాయాధికారులు చాలామందే ఉన్నారు, మీ మండలంలోనో పక్క మండలంలోనో ఉండే ఉంటారు. నేరుగా వెళ్ళి ఒకసారి మాట్లాడించండి. రోజు ఎలా గడుస్తుందో ఆవిడ చెప్పినంత బాగా నేను చెప్పలేను.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. అగ్రికల్చర్ బీఎస్సీకి గిరాకీ పెరిగాక దాన్ని చెప్పే ప్రైవేటు సంస్థలూ పెరిగాయి. చేరేముందు ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో చూడండి. లేని చోట చదివితే పీజీ ప్రవేశాల్లో, కొన్ని ఉద్యోగాల దరఖాస్తుల్లో అడ్డు పడుతుంది. ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం సొంత కాలేజీల్లో సీటొస్తే కళ్ళు మూసుకుని చేర్పించండి. 1945లో మొదలైన బాపట్ల కాలేజీ మీకు దగ్గర. కానీ తిరుపతి, మహానంది, నైరా, రాజమహేంద్రవరం వచ్చినా వెనకాడకండి. దూరమని బాపట్ల ఒక్కటే పెట్టి మిగతా ఆప్షన్లు వదిలేయడం ప్రతి ఏడాదీ జరుగుతున్న పొరపాటు. సీటు కోసమని ఎవరైనా డొనేషన్ అడిగితే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఇంకొకటి కూడా అమ్మాయిని అడగండి. వైద్యం మీదే ఆమెకు ఇష్టం ఉండి, అది దొరక్కే వ్యవసాయం అంటోందా? అలాగైతే వెటర్నరీ చూడండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. నీట్ స్కోరుతోనే దేశంలోని వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లకు విడిగా కౌన్సెలింగ్ జరుగుతుంది. మన రాష్ట్రంలో సీట్లకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇస్తుంది. రెండింటికీ దరఖాస్తు చేయొచ్చు. ఆమె మాత్రం నాకు పంటలే ఇష్టమంటే ఇక ఆ మాట ఎత్తకండి. ఇన్నాళ్ళు డాక్టర్ అనే మాట తప్ప వేరే మాట వినని ఇంట్లో ఒక అమ్మాయి తనంతట తాను వ్యవసాయం పేరు చెప్పిందంటే అది ఊరికే అనే మాట అయి ఉండదు.

ఆప్షన్లు పెట్టేలోపు ఒక రోజు ఖాళీ చేసుకుని అమ్మాయిని తీసుకుని లాం వెళ్ళండి. మీ ఊరి నుంచి గుంటూరు వెళ్ళే బస్సెక్కితే చాలు. మిరప విభాగంలో ఎవరినైనా కలిసి, మీ చేలో పోయినేడు వచ్చిన తెగులు గురించి మీరే అడగండి. ఆమెను పక్కన నిలబెట్టుకోండి. ఎవరు ఏం ప్రశ్నలు అడుగుతున్నారో, ఆమె కళ్ళు ఎటు వెళ్తున్నాయో మీకే అర్థమవుతుంది.

రైతు కుటుంబాల పిల్లలకు రంగా విశ్వవిద్యాలయంలో విడిగా కోటా ఉంది. మీకది వర్తించే అవకాశం చాలా ఉంది. భూమి మీ పేరున ఉన్నట్టు పత్రాలు అడుగుతారు. మున్సిపాలిటీ కాని ఊళ్ళో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. హైస్కూలు హెడ్‌మాస్టారు దగ్గర ఆ సర్టిఫికెట్లు ఈ వారంలోనే తీసుకోండి. పాస్ పుస్తకంలో భూమి ఇంకా మీ నాన్నగారి పేరున ఉంటే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్ళండి. పేరు మార్పిడికి రోజులు పడతాయి, కౌన్సెలింగ్ తేదీ ఆగదు. కులం, ఆదాయ ధ్రువపత్రాలు, ఇంటర్ మార్కుల జాబితా, రెండు సెట్ల జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టి అమ్మాయి చేతికివ్వండి.