కంపెనీ కష్టాల్లో ఉంటే మీడియాకు జవాబు చెప్పే ఉద్యోగం మా అమ్మాయికి వద్దంటారా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. కంపెనీలకు ఏదైనా పెద్ద ఇబ్బంది వచ్చినప్పుడు మీడియాతో వ్యవహారం చూసే 'క్రైసిస్ కమ్యూనికేషన్' రంగంలోకి వెళ్తానంటోంది. అందుకోసమే ఏడాది డిప్లొమా కోర్సు ఉందట, అందులో చేరతానని పట్టుబడుతోంది. మేము ఎంబీఏ చేయమంటున్నాం. తప్పు చేసిన కంపెనీని వెనకేసుకొచ్చే ఉద్యోగం మా ఇంటి పిల్లకెందుకని మా టెన్షన్. పైగా తను నలుగురిలో పెద్దగా మాట్లాడదు. ఎంబీఏ, జర్నలిజం, ఈ డిప్లొమా... మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, పోలిక చివర్లో చెబుతాను. ఎంట్రన్స్‌లు, కటాఫ్‌ల గొడవ మీకు తెలిసిందే, దాని జోలికి పోను. మీ ఉత్తరం చదివితే కోర్సుల తికమక కన్నా భయమే ఎక్కువ కనిపించింది. రేపు మా పిల్ల ఎవరి తప్పో కప్పిపుచ్చడానికి అబద్ధాలాడాల్సి వస్తుందేమో అన్న భయం. ఈ రంగం పేరెత్తితే చాలామంది తల్లిదండ్రులు తిప్పి తిప్పి అడిగేది ఇదే.

అలాంటి పనులు చేసేవాళ్లు లేరని చెప్పను. ఉన్నారు, బాగా సంపాదించినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో బెల్ పాటింజర్ అని పేరుమోసిన పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) సంస్థ ఉండేది. దక్షిణాఫ్రికాలో ఒక వ్యాపార కుటుంబం కోసం జాతుల మధ్య చిచ్చు పెట్టేలా ప్రచారం నడిపిందని తేలాక, 2017 సెప్టెంబరులో బ్రిటన్ పీఆర్ సంస్థల సంఘమే దాన్ని బహిష్కరించింది. క్లయింట్లు జారుకున్నారు. అదే నెలలో సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది.

ఈ పనిలో అబద్ధం ఎందుకు నిలవదో మీ అమ్మాయికి రెండు నెలల్లోనే అర్థమవుతుంది. ఇబ్బందుల్లో పడ్డ కంపెనీ గురించి నిజం తెలిసినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, సరుకు సప్లై చేసేవాళ్లు, పోలీసులు, ఆస్పత్రి సిబ్బంది. విలేకరి కంపెనీకి ఫోన్ చేసే సమయానికే వాళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఉంటాడు. చాలాసార్లు తనకు తెలిసిన సంగతే మళ్లీ అడుగుతాడు. అప్పుడు బొంకితే అసలు సంఘటనను పక్కనపెట్టి ఆ బొంకునే హెడ్‌లైన్ చేస్తాడు.

అసలు అక్కడ జరిగే పని ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ఫ్యాక్టరీలో తెల్లవారుజామున మంటలు లేచాయనుకోండి. ఏడింటికల్లా ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరుగుతుంటుంది. ఏడుంపావుకి మొదటి విలేకరి ఫోన్. కమ్యూనికేషన్స్ టీమ్ దగ్గర ఉన్న సమాచారం దాదాపు సున్నా. ప్లాంట్ మేనేజర్ ఫోన్ ఎత్తడు, ఎత్తితే 'అంతా కంట్రోల్‌లోనే ఉంది' అంటాడు. లీగల్ వాళ్లు నోరు మెదపొద్దంటారు. ఇవాళ అన్న ప్రతి మాటా రేపు కోర్టులో ఎదురు తిరుగుతుందని వాళ్ల భయం, అందులో న్యాయం లేకపోలేదు. కంపెనీ పెద్దాయనేమో 'చిన్న ప్రమాదమే, ఎవరూ ఆందోళన చెందక్కర్లేదని రాసి పంపించేయండి' అంటాడు.

ఉద్యోగం అక్కడ మొదలవుతుంది. ముందు ఆ 'చిన్న' అన్న మాటను ఆయన చేతే కొట్టేయించాలి. రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉన్నారో అటెండెన్స్ తెప్పించుకుని చూడాలి. తెలిసినంత వరకే నాలుగు ముక్కల్లో రాయాలి. 'ఈ ఉదయం సుమారు 5 గంటలకు మా యూనిట్‌లో అగ్నిప్రమాదం జరిగింది. అగ్నిమాపక సిబ్బంది మంటలార్పుతున్నారు. షిఫ్టులో ఉన్న అందరి క్షేమ సమాచారం తెలుసుకుంటున్నాం, ముందుగా వారి కుటుంబాలకు తెలియజేస్తాం. 9 గంటలకు మళ్లీ వివరాలు ఇస్తాం.' దీన్ని హోల్డింగ్ స్టేట్‌మెంట్ అంటారు. చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కారణం గురించి ఊహ లేదు, ఖాయం కాని అంకె లేదు, ఎవరి మీదా నెపం లేదు. ఆ లేనివన్నీ లేకుండా చూడటానికే గంటసేపు గదిలో వాదులాట జరిగి ఉంటుంది. 9 గంటలని చెప్పాక, కొత్త సంగతి ఏమీ లేకపోయినా 'కారణం ఇంకా తెలియలేదు' అని చెప్పడానికైనా 9కి రావాల్సిందే. రాకపోతే 'వివరణ కోసం ప్రయత్నించగా యాజమాన్యం అందుబాటులోకి రాలేదు' అని వార్త చివర ఒక వాక్యం పడుతుంది. చదివేవాళ్లకు అది తప్పు ఒప్పుకున్నట్టే ఉంటుంది.

'చిన్న' అన్న మాట మీద అంత పట్టింపు దేనికంటారా? 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. 87 రోజులు చమురు సముద్రంలోకి కారుతూనే ఉంది. ఆ బావి తవ్విస్తున్న బీపీ కంపెనీ సీఈవో టోనీ హేవర్డ్ మే నెలలో ఏమన్నాడంటే, సముద్రం చాలా పెద్దదట, దానితో పోలిస్తే కలిసిన చమురు చాలా తక్కువట. ఆ నెలాఖరులోనే, ఇదంతా ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్నాను, నా జీవితం నాకు కావాలి అని కెమెరా ముందు అనేశాడు. 11 కుటుంబాలు టీవీ చూస్తుండగా! అక్టోబరుకల్లా ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. లెక్కల ప్రకారం ఆయన మొదటి మాట తప్పు కాకపోవచ్చు. వినేవాళ్లు లెక్క అడగలేదు, అంతే.

మీ రెండో భయం, అమ్మాయి నలుగురిలో మాట్లాడదని. ఇదైతే మనసులోంచి తీసేయండి. మైకుల ముందు నిలబడేది దాదాపు ఎప్పుడూ సీఈవోనో, ప్లాంట్ హెడ్డో, డాక్టరో. ఈ రంగంలో పనిచేసేవాళ్లు వెనకాల ఉంటారు. వాళ్లకు కావాల్సింది ధారాళంగా మాట్లాడే నోరు కాదు. ఓపిగ్గా వినడం, భయంతో ఉన్న మనిషి దగ్గర్నుంచి నిజం రాబట్టడం, రాత్రి రెండింటికి కూడా తప్పుల్లేకుండా రాయడం. మాటకారితనం కాపాడుతుందనుకుంటే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంగతి వినండి. 2017 మార్చిలో ఒక పీఆర్ పత్రిక దాని సీఈవో ఆస్కార్ మునోజ్‌ను ఆ ఏడాదికి మేటి కమ్యూనికేటర్‌గా ఎంపిక చేసింది. ఏప్రిల్ 9న షికాగోలో, సీటు ఖాళీ చేయనన్న ప్రయాణికుణ్ని భద్రతా సిబ్బంది విమానంలోంచి ఈడ్చుకెళ్లారు. ముఖం నిండా రక్తం, తోటి ప్రయాణికుల చేతుల్లో ఫోన్లు. మునోజ్ మొదటి ప్రకటన ప్రయాణికులకు వేరే సర్దుబాటు చేయాల్సి వచ్చినందుకు చింతిస్తున్నాం అన్న ధోరణిలో వచ్చింది. ఉద్యోగులకు రాసిన లేఖలో తప్పంతా ఆ ప్రయాణికుడిదే అన్నట్టుంది, అదీ బయటికి పొక్కింది. సరైన క్షమాపణ రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ గదిలో 'సార్, ముందు ఈ వీడియో పూర్తిగా చూడండి' అని చెప్పే నెమ్మదస్తురాలు ఒక్కరు ఉండి, ఆమె మాట చెల్లి ఉంటే కథ వేరుగా ఉండేది. మీ అమ్మాయి అలాంటి మనిషి కాగలదేమో ఆలోచించండి.

ఇక ఆ డిప్లొమా. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచుకోను.

ఇరవై రెండేళ్ల పిల్లకు సంక్షోభం అప్పగించే కంపెనీ ఏదీ లేదు. సర్టిఫికెట్ మీద 'క్రైసిస్' అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా లేదు. ఏళ్ల తరబడి వార్తల్లోనో, కంపెనీ వ్యవహారాల్లోనో నలిగినవాళ్లనే పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే పని వేరు. ఏ పత్రిక ఏం రాసిందో తెల్లారేసరికి పట్టిక తయారుచేయాలి. ఏ విలేకరి ఎన్నింటికి ఫోన్ చేశాడు, ఏమడిగాడు, ఎప్పటిలోగా జవాబు కావాలన్నాడు... అన్నీ రాసిపెట్టాలి. చనిపోయినవాళ్ల పేర్లలో అక్షరదోషం లేకుండా చూడాలి. ముందే షెడ్యూల్ చేసి పెట్టిన శుభాకాంక్షల పోస్టులు, ప్రకటనలు వెంటనే ఆపించాలి (ప్రమాదం జరిగిన రోజు సాయంత్రం అదే కంపెనీ పేజీలో బెలూన్లతో పండగ ఆఫర్ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి). చాలా ముఖ్యమైన పనులే. కానీ మామూలు పీఆర్ ఏజెన్సీలో చేరినా ఇవే నేర్పుతారు, జీతమిచ్చి మరీ నేర్పుతారు.

ఈ కోర్సుల సిలబస్‌లు చూస్తే నాకు ఇంకో చిరాకు. ప్రతి చోటా టైలనాల్ పాఠం ఉంటుంది. 1982లో షికాగో పరిసరాల్లో ఎవరో టైలనాల్ అనే ఆ నొప్పి మందు క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి రప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్ల పైమాటే. తర్వాత ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే సీలుతో మందును మళ్లీ మార్కెట్లోకి తెచ్చి, పోయిన అమ్మకాలను చాలావరకు రాబట్టుకుంది. దీన్ని పీఆర్ విజయంగా చెబుతారు. నన్నడిగితే అది అంత నష్టం భరించడానికి సిద్ధపడ్డ యాజమాన్యం విజయం. సీసాలు షాపుల్లోనే ఉంచి ఎంత అందంగా రాసినా ఎవరు నమ్మేవారు? నిర్ణయాన్ని వదిలేసి ప్రకటనను మాత్రమే చదివించే కోర్సు పిల్లలకు తప్పు పాఠం నేర్పుతోంది. ప్రకటన రాయడమొక్కటే అయితే ఇవాళ ఏఐ ఒక్క నిమిషంలో రాసిస్తుంది.

ఇంకొకటుంది, మీరు బాగా గమనించాల్సింది ఇదే. ఇలాంటి డిప్లొమాలు చూపించే ప్లేస్‌మెంట్లలో 'ఆన్‌లైన్ రెప్యుటేషన్' కంపెనీలు, అంటే ఇంటర్నెట్‌లో క్లయింట్ల పేరు చెడకుండా చూసేవి కూడా ఉంటాయి. అందరూ ఒకటి కాదు, నిజాయతీగా పనిచేసేవీ ఉన్నాయి. కానీ కొన్నిచోట్ల పనంటే దొంగ రివ్యూలు రాయించడం, బాధపడి పోస్టు పెట్టిన కస్టమర్ మీద మూకుమ్మడిగా రిపోర్టులు కొట్టించడం. అమెరికాలో దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ 2024లో నిబంధనే తెచ్చారు, జరిమానాలతో సహా. మీరు భయపడుతున్న అబద్ధాల ఉద్యోగం నిజంగా ఉండేది ఇక్కడ. చేరేముందు ఆ సంస్థవాళ్లను అడగండి: పాఠం చెప్పేవాళ్లలో న్యూస్ డెస్క్‌లో పనిచేసినవాళ్లు ఎందరు? పోయిన బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఏ హోదాలో, ఏ పని చేస్తున్నారు, వాళ్లలో ఇద్దరితో మాట్లాడిస్తారా? పరువునష్టం చట్టం, లిస్టెడ్ కంపెనీలు స్టాక్ ఎక్స్ఛేంజీకి ఏ సమాచారం ఎప్పుడు చెప్పాలన్న నిబంధనలు ఎన్ని గంటలు చెబుతారు? జవాబుకు బదులు స్టూడియో, లైట్లు, కెమెరాలు చూపిస్తే వచ్చేయండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. మీ ఉత్తరం నిండా 'మేము' ఉంది. అమ్మాయి ఈ దారి ఎందుకు ఎంచుకుందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? తను ఏదో ఒక సంఘటన చూసి కదిలిపోయి ఉండొచ్చు, లేదా మెరిసే వీడియో చూసి మోజు పడి ఉండొచ్చు. ఈ రెండింటికీ నా సలహా ఒకటే కాదు, మీరేమో ఆ సంగతే చెప్పకుండా సలహా అడుగుతున్నారు. ఇక 'మా ఇంటి పిల్లకెందుకు' అన్న మాట. ఫోక్స్‌వ్యాగన్ కార్ల పొగ లెక్కల మోసం 2015లో బయటపడింది. అది ఇంజినీర్ల సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సత్యం కంప్యూటర్స్ బండారం 2009లో బయటపడింది. అది అకౌంట్ల పుస్తకాల్లో ఉంది. అలాగని ఇంజినీరింగ్, కామర్స్ చదివించడం ఎవరైనా మానేశారా? ఎంబీఏ చేసి అదే కంపెనీలో ఫైనాన్స్‌లో చేరితే మాత్రం పరువుగా ఉంటుందా? మీకు నచ్చనిది అబద్ధమో, చుట్టాలకు చెప్పడానికి వీలుగా లేని ఉద్యోగం పేరో ఒకసారి నిజాయతీగా ఆలోచించుకోండి.

పోలిక అడిగారు కదా. నా మొగ్గు జర్నలిజం వైపు. చదివి రెండు మూడేళ్లు రిపోర్టింగ్‌లోనో, డెస్క్‌లోనో పనిచేస్తే విలేకరికి ఏం కావాలో, ఏ గంటకు కావాలో, ఏది చూసి అనుమానం వస్తుందో ఒంటబడుతుంది. జీతం మొదట్లో తక్కువే, వేళాపాళా ఉండదు. ఎంబీఏ చెడ్డదేం కాదు, బ్యాలెన్స్ షీట్ చదవగలిగిన కమ్యూనికేషన్స్ మనిషికి బోర్డు రూములో మాట చెల్లుతుంది. కాకపోతే తనకు వ్యాపారం మీద ఆసక్తి ఉంటేనే, అప్పు నెత్తికెక్కనంతలోనే. డిప్లొమాను నాలుగైదేళ్ల అనుభవం తర్వాత చిన్న కోర్సుగా చూసుకోవచ్చు, కొన్ని కంపెనీలు ఫీజు కూడా పెట్టుకుంటాయి. ఇప్పుడు ఏది ఎంచుకున్నా మిగతా తలుపులు మూసుకుపోవు. జర్నలిజం నుంచి పీఆర్‌కి, లా నుంచి కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌కి మారినవాళ్లు ఈ రంగంలో కొల్లలు. ఏదో ఒకరోజు పై అధికారి అబద్ధం రాయమనొచ్చు, అదీ నిజమే. చేతిలో పని, బయట పేరు ఉన్న మనిషి 'నేను రాయను' అని లేచి రాగలదు. అందుకే ముందు పునాది గట్టిపడనివ్వమంటున్నాను.

పరీక్షలయ్యాక ఏదైనా న్యూస్ డెస్క్‌లో నెలరోజుల ఇంటర్న్‌షిప్ చూసుకోమనండి. ఈలోపు ఒక పని. ఈ వారం వార్తల్లో ఏదో ఒక కంపెనీ ఇబ్బందిలో కనిపిస్తుంది, తప్పకుండా కనిపిస్తుంది. కంపెనీ ఏమందో చూడకముందే ఆ కంపెనీ తరఫున నాలుగు వాక్యాల ప్రకటన తనను రాయమనండి. మర్నాడు కంపెనీ ఇచ్చిన ప్రకటన పక్కన పెట్టుకుని చూసుకోమనండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపించండి. ఈసారి ఉత్తరం మాత్రం తననే రాయనివ్వండి.