శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించే ముందు స్పీడ్ కాదు, చెట్టు చూడండి

"మా ఇంటికి ఫైబర్ రాదు, శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టిద్దామనుకుంటున్నాం. స్పీడ్ ఎంత వస్తుంది, బిగించడం కష్టమా?" అని అడిగారు. రెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నా. స్పీడ్ సంగతి పక్కన పెట్టండి. డిష్ ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు విషయం. ఈ కనెక్షన్ల మీద వచ్చే గొడవల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయని నా గట్టి నమ్మకం.

మాకు బిగించినతను ఆకులు రాలిపోయిన రోజుల్లో వచ్చాడు. పెరటివైపు గోడ చూపించి, "ఇక్కడైతే వైరు సరిగ్గా సరిపోతుంది మేడమ్" అన్నాడు. పక్కనే పెద్ద చెట్టు ఉంది కదా అంటే, "దానికి ఆకులే లేవు, సందుల్లోంచి వచ్చేస్తుంది" అన్నాడు. గంటలో పని ముగించుకుని వెళ్లిపోయాడు. నెట్ బ్రహ్మాండంగా వచ్చింది.

రెండు నెలలకు చెట్టు చిగురించింది. ఆ వైపు గదికి నీడ వస్తుందని సంతోషించాం కూడా. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. నేను తలుపు బయట నిలబడి వింటున్నా. చక్కగా చెబుతోంది. ఉన్నట్టుండి "హలో, వినిపిస్తోందా అండీ?" అంది. మూడు నాలుగు సెకన్లు పోయి మళ్లీ వచ్చింది. కాసేపటికి మళ్లీ "హలో". నలభై నిమిషాల్లో పదకొండు సార్లు లెక్కపెట్టాను. చివరికి అవతలివాళ్లు ఇంకోరోజు చూద్దాంలెమ్మన్నారు. అది బయటికొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా మంచం మీద కూర్చుంది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చేయమన్నారు. చేశాను, 140 ఎంబీపీఎస్. "అంతా బాగానే ఉంది కదండీ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. టెస్ట్ నడిచేది కాసేపే, ఆ కాసేపట్లో లైన్ తెగకపోతే అంకె బాగానే కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో పోయిన ఆ మూడు సెకన్లు దాంట్లో ఎక్కడ కనిపిస్తాయి?

జరిగేదేమిటో తర్వాత నేనే చదివి తెలుసుకున్నా. మాది తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల కనెక్షన్. అవి 500-600 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు సుమారు 27,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. ఒక్కోటి మన నెత్తిమీద ఉండేది కొద్ది నిమిషాలే. అందుకే డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. పట్టుకోవాల్సిన ఉపగ్రహం కొమ్మల వెనక ఉంటే లైన్ తెగుతుంది, అది చెట్టు దాటాక మళ్లీ కలుస్తుంది. మా ఆయన మాత్రం "టీవీ డిష్ ఆ చెట్టు పక్కనే ఉండి పనిచేస్తోంది కదా" అని చాలా రోజులు వాదించారు. టీవీ ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, మనకు ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. దానికి ఆ ఒక్క దిక్కున సందు చాలు. దీనికి ఆకాశంలో పెద్ద ముక్కే ఖాళీగా కావాలి.

మీ దగ్గర ఆ 36,000 కిలోమీటర్ల రకం ఇంటర్నెట్టే దొరికితే చెట్ల బాధ తక్కువ. కానీ మాట వెళ్లి జవాబు రావడానికే అర సెకను పైన పడుతుంది, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. ఎంత స్పీడ్ ప్లాన్ తీసుకున్నా ఆ ఆలస్యం పోదు.

చివరికి మేడ మీద ఇనప పైపు నిలబెట్టి డిష్ దానిమీదకు మార్పించాం. పొడవు వైరు విడిగా తెప్పించుకోవాల్సి వచ్చింది. జోరువాన పడితే ఇప్పటికీ కాసేపు ఆగుతుంది, దానికి ఎవరూ చేయగలిగింది లేదు. కాల్స్ తెగడం మాత్రం ఆగిపోయింది.

ఇంకో మాట. మొదటిసారి వైరు కోసం గోడకు వేసిన రంధ్రం లోపలికి వాలుగా ఉంది. వానకు నీళ్లు వైరు వెంబడి జారి గదిలోకి వచ్చి సున్నం ఉబ్బిపోయింది. రంధ్రం బయటికి వాలుగా ఉండాలి. వైరు లోపలికి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. రెండు నిమిషాల పని అది, అదీ చేయరు.

కాబట్టి డిష్ బిగించేతను రాకముందే మీరే మేడ ఎక్కండి. కంపెనీ యాప్‌లో ఫోన్ కెమెరాతో ఆకాశం చూపిస్తే ఏం అడ్డొస్తుందో చెప్పే సదుపాయం ఉంటే వాడుకోండి. ఆకుల్లేని చెట్టుకు ఆకులున్నాయనుకునే చూడండి, చిన్న చెట్టయితే నాలుగేళ్ల తర్వాత ఎంత ఎత్తవుతుందో కూడా ఆలోచించండి. అక్కడిదాకా వైరు చాలదని అతనంటే గోడకు బిగించడానికి ఒప్పుకోకండి. పొడవు వైరు తెచ్చుకుని ఇంకోరోజు రమ్మనండి.